గ్రామ గ్రంథాలయము - డాక్యుమెంటరీ చిత్రము

మన గ్రామములలో ఇంటిపన్ను చెల్లించు ప్రతి గృహస్థుడును, తెలిసియో తెలియకయో, గ్రంథాలయమునకు కూడ కొంత చెల్లించుచున్నాడు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటిపన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు చేరును. రెండు తెలుగు రాష్ట్రములలోను జిల్లా గ్రంథాలయ సంస్థలకు ఇది ముఖ్యమైన ఆధారములలో ఒకటి. పన్ను అందరిది. పుస్తకము మాత్రము చదువు వచ్చినవారిది. 2011 జనాభా లెక్కలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడేండ్లు నిండినవారిలో అక్షరాస్యులు నూటికి 67 మంది. స్త్రీలలో నూటికి 60 మందికి లోపు. అనగా గ్రంథాలయ పోషకులలో ఇంచుమించు మూడవవంతు మందికి ఆ గుమ్మము లోపల పని యేమియు లేదు. చదువు వచ్చిన మిగిలినవారిలో కూడ దినపత్రిక తిరగవేసి పోవువారే పెక్కుమంది.

ఈ లోపమును తీర్చుటకు గల మార్గములలో డాక్యుమెంటరీ చిత్రప్రదర్శన ఒకటి. డాక్యుమెంటరీ యనగా కల్పిత కథ కాక, జరిగినదానిని, జరుగుచున్నదానిని చూపు చిత్రము. నటులు ఉండరు; రైతు రైతుగనే, జాలరి జాలరిగనే కనబడును. దానిని చూచుటకు అక్షరములు రానక్కరలేదు. అయితే, గ్రంథాలయములో సినిమా ఏమిటి, తెర వచ్చినచో పుస్తకము మూలబడదా యని శంకించువారు లేకపోలేదు. ఆ శంకకు సమాధానము చరిత్రలోనే కలదు.

బరోడా సంస్థానాధీశుడు మహారాజా శాయాజీరావు గైక్వాడ్ తన ప్రజలకు ఉచిత గ్రంథాలయములను ఏర్పరచదలచి, 1910లో అమెరికా నుండి విలియం ఆలన్సన్ బోర్డెన్ అను నిపుణుని రప్పించెను. బోర్డెన్ 1913 వరకు అచట పనిచేసి గ్రంథాలయ శాఖను నిర్మించెను. కొయ్యపెట్టెలలో పుస్తకములు సర్ది గ్రామములకు పంపు సంచార గ్రంథాలయములు ఆ శాఖవే. ఆ శాఖలోనే దృశ్యబోధన విభాగమొకటి వెలసినది. దానికి మేజిక్ లాంతరులు, బొమ్మల పలకలు, చలనచిత్ర యంత్రములు కూడ ఉండెను. చదువు రాని గ్రామస్థులకు ఉచితముగ ప్రదర్శనలిచ్చుట దాని పని. దాదాసాహెబ్ ఫాల్కే తీసిన రాజా హరిశ్చంద్ర విడుదలయినది 1913లోనని గుర్తుంచుకొన్నచో, ఇది యెంత ముందుచూపో తెలియగలదు. మన దేశమున కథాచిత్రము పురుడు పోసికొనుచున్న దినములలోనే గ్రంథాలయము చలనచిత్రమును తనదిగా చేసికొన్నది!

తెలుగుదేశమున 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగినది. అయ్యంకి వెంకటరమణయ్య మొదలగు పెద్దల కృషిచే ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము అప్పుడే ఏర్పడెను. ఆనాటి కార్యకర్తలు పుస్తకములను బీరువాలో పెట్టి తాళము వేసికొని కూర్చుండలేదు. రాత్రి బడులు నడపిరి; హరికథలు చెప్పించిరి; చదువు వచ్చినవాడు గట్టిగా చదువగా రానివారు చుట్టును చేరి వినిరి. 1935లో గుంటూరు మండలము పెదపాలెము నుండి పాతూరి నాగభూషణము పడవలో పుస్తకములు నింపి కాలువ వెంట ఊరూరికి పంపిన వృత్తాంతము గ్రంథాలయోద్యమ చరిత్రలో ప్రసిద్ధము. కాలువగట్టున పడవ ఆగినప్పుడు పుస్తకము కొరకు వచ్చినవారితోపాటు పడవను చూడవచ్చినవారును ఉందురు గదా! వారును వచ్చినవారే. డాక్యుమెంటరీ చిత్రము నేడు చేయగలిగిన పని, నాడు పడవ చేసిన పనికి దూరమైనది కాదు.

చిత్రప్రదర్శనతో ఊరిని ఒకచోట చేర్చుట యెట్లో విస్తారముగ చేసి చూపిన దేశము కెనడా. 1939లో అచటి ప్రభుత్వము నేషనల్ ఫిల్మ్ బోర్డును స్థాపించి, జాన్ గ్రియర్సన్‌ను దానికి అధిపతిని చేసినది. డాక్యుమెంటరీ అను పేరును చలనచిత్ర లోకమున వ్యాప్తిలోనికి తెచ్చినవాడు ఆయనయే. కెనడా విశాలమైన దేశము. పల్లెలు దూరదూరముగ ఉండును. నాడు చాల పల్లెలకు సినిమాశాల లేదు, విద్యుత్తు లేదు. 1942 నుండి బోర్డువారు 16 మిల్లీమీటర్ల ప్రొజెక్టరు నిచ్చి మనుష్యులను పల్లెలకు పంపసాగిరి. విద్యుత్తు లేనిచోటికి జనరేటరు కూడ వెంట పోయెడిది. ఒక్కొక్కరికి సుమారు ఇరువది ఊళ్లు. ప్రతి ఊరికి నెలకొక పర్యాయము. మధ్యాహ్నము బడిపిల్లలకు, రాత్రి పెద్దలకు ప్రదర్శన.

ఇందులో గమనింపవలసినది యంత్రము కాదు, నెలకొక పర్యాయము అను మాట. వచ్చినవాడు మరల వచ్చును. కిందటి నెల చిత్రమును గూర్చి ఊరివారు ఏమనుకొన్నారో అడుగును. ఆ మాటలను వ్రాసి పై కార్యాలయమునకు పంపును. చూపించువానికి చూచువారి మాట చేరుచుండెను. కర్మాగారములలో కార్మికులకు వేసిన కొన్ని చిత్రముల చివర ఇంకొక చిన్న తునక జోడించెడివారు. అందు నలుగురైదుగురు కార్మికులు ఆ చిత్రమును గూర్చియే వాదించుకొనుచు, చివరకు ప్రశ్నను చూచువారికి వదలివేయుదురు. దీపములు వెలుగగానే ఆ వాదము సభలోనికి వచ్చును. చిన్న యుక్తియే గాని, ఎంత మేలైన యుక్తి!

యుద్ధము ముగిసిన పిదప ప్రభుత్వపు ఖర్చు తగ్గినది. అప్పుడు పల్లెవారు చేతులు ముడుచుకొని కూర్చుండక ఫిల్మ్ కౌన్సిళ్లు ఏర్పరచుకొనిరి. ప్రొజెక్టరు నడపుట ఊరివారే నేర్చుకొనిరి. చిత్రములను నిలువచేసి ఎరవిచ్చు డిపోలు కావలసివచ్చినవి. వాటిలో అనేకము పౌర గ్రంథాలయములలోనే నెలకొన్నవి. పుస్తకమును జాబితా వేసి, ఎరవిచ్చి, తిరిగి రాబట్టు పని తెలిసినవారు గ్రంథపాలకులు గదా! ఫిల్ము రీలును చూచుకొనుట వారికి కొత్త విద్య కాలేదు. అమెరికాలో 1948 ప్రాంతమున కార్నెగీ నిధి తోడ్పాటుతో ఒహయో, మిస్సౌరీ రాష్ట్రములలో చిన్న గ్రంథాలయములు కూటములుగ ఏర్పడినవి. తలకొంత వేసికొని కొన్న చిత్రములను వంతులవారీగ తిప్పుకొనెడివి. ఒంటరిగ కొనలేని దానిని కలిసి కొనవచ్చునని మన శాఖా గ్రంథాలయములును గ్రహింపవచ్చును.

మన దేశమునకు తిరిగి వత్తము. యునెస్కో, భారత ప్రభుత్వము కలసి స్థాపించిన ఢిల్లీ పౌర గ్రంథాలయమును 1951 అక్టోబరు 27న ప్రధాని నెహ్రూ ప్రారంభించెను. అది పాత ఢిల్లీ రైల్వే స్టేషనుకు చేరువన ఉన్నది. దేశ విభజన కాందిశీకులతో నిండిన ఆనాటి ఢిల్లీలో ధరావత్తు అడుగక, రుసుము పుచ్చుకొనక పుస్తకములు ఎరవిచ్చినది. అందు వయోజన విద్యకై ఒక విభాగము ఉండెను. చిత్రప్రదర్శనలు, ఉపన్యాసములు, చర్చాగోష్ఠులు, నాటకములు అచట సాగినవి. గ్రంథాలయము పుస్తకముల గిడ్డంగి కాదు, నలుగురు కూడు చోటు అనుటకు ఆ సంస్థ ఆసియా ఖండమునకే నమూనా కావలెనని స్థాపకులు ఉద్దేశించిరి.

ఇక మన పల్లెలలో డాక్యుమెంటరీలు కొత్తవి కావు. 1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ తీసిన చిత్రములు తెలుగులో కూడ వచ్చెడివి. సినిమాశాలలో అసలు ఆటకు ముందు వాటిని చూచినవారు, ప్రచారవాహనము వచ్చిన రాత్రి బడి ఆవరణలో తెల్లగుడ్డ కట్టి వేయగా చూచినవారు నేటికిని ఉన్నారు. తెరకు ముందు చోటు చాలక వెనుక ప్రక్కన కూర్చుండి, ఎడమచేతివాటపు మనుష్యులను చూచి నవ్వుకొన్నవారును ఉన్నారు! ఆ ప్రదర్శనలు దేశమును పల్లెకు చూపినవి. ఆ మేలు చిన్నది కాదు. కాని వాహనము తెల్లవారక ముందే పైఊరికి పోవలెను. తెర చుట్టగానే మాటయు ముగిసెడిది. ఎరువు వేయు పద్ధతి చూచిన రైతుకు కలిగిన సందేహమును తీర్చుటకు ఆ వాహనము తిరిగి ఎన్నడు వచ్చునో ఎవరికిని తెలియదు. గ్రంథాలయమట్లు కాదు. అది రేపును అచటనే ఉండును. ఈ పని దానికే తగినది అనుటకు కారణము ఇదియే.

నేడు ప్రతి చేతిలోను సెల్‌ఫోను ఉన్నది. ఫిల్మ్స్ డివిజన్ 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమైనది. దాని పాత చిత్రములు అనేకము అంతర్జాలములో ఉచితముగనే చూడవచ్చును. మరి గ్రంథాలయమునకు పోవుట ఎందులకు? ఒకే ఇంటిలో నలుగురు నాలుగు ఫోనులు చూచుచున్నారు గనుకనే పోవలెను. ఫోనులో చూచినవాడు తనకు నచ్చనిదానిని వ్రేలితో త్రోసివేయును. ప్రక్కన పొరుగువాడు కూర్చుండియున్నప్పుడు అతని మాటను అట్లు త్రోసివేయుట సాధ్యము కాదు.

ఉదాహరణమునకు, ఒక గ్రామములో మహారాష్ట్రలోని హివరే బజార్‌ను గూర్చిన చిత్రము వేసిరనుకొందము. కరవుతో వలసపోయిన ఆ ఊరు కొండవాలున కందకములు త్రవ్వి, చెక్‌డ్యాములు కట్టి, వాననీటిని నిలిపి తేరుకొన్నది. అంతవరకు చూచి అందరును మెచ్చుకొందురు. ఆ ఊరివారు సేద్యమునకు బోరుబావులు వేయరాదని, చెరకువంటి నీరెక్కువ త్రాగు పైరులు పెట్టరాదని తమకు తామే కట్టడి చేసికొనిరి. ఏటేట ఉన్న నీటిని లెక్కగట్టి దానినిబట్టి పంట నిర్ణయించిరి. ఇచట ప్రదర్శనను ఆపవలెను. దీపములు వెలిగించి ఒకే ప్రశ్న అడుగవలెను: మన ఊరిలో ఇది చెల్లునా?

ఎగువ రైతు ఒకటి చెప్పును. కాలువ చివరి మడి రైతు ఇంకొకటి చెప్పును. మూడు బోర్లు ఎండి అప్పుపాలైనవాడు మాట్లాడక తల వంచుకొనవచ్చును. అతని భార్య మాట్లాడవచ్చును. ఏ తూము ఎంతసేపు ఎత్తినచో ఎక్కడికి నీరు పారునో ఊరిలో అందరికంటె బాగుగ ఎరిగిన నీరటి ఆ సభలో ఏ మూలనో నిలుచుండి ఉండును. అతనిని పిలిచి ముందు కూర్చుండబెట్టి అడిగినచో, ఏ గ్రంథములోను లేని విషయము బయటికి వచ్చును. పంచాయతీ సమావేశములో ఇదే మాట ఎత్తినచో పాతకక్షలు ముందు లేచును. చిత్రములోనిది పరాయి ఊరు. పరాయి ఊరిని గూర్చి మాట్లాడుచు మాట్లాడుచు జనులు తమ ఊరి సంగతికి తామే వత్తురు. అట్లు రానిండు, తొందర పెట్టరాదు.

వాదము ముదిరినచో ఏమి చేయవలెను? గ్రంథపాలకుడు తీర్పు చెప్పరాదు. ఒకరు మాట్లాడుచుండగా ఇంకొకరు అడ్డురాకుండ చూచుటయే అతని పని. అవసరమైనచో చిత్రములోని ఆ భాగమును మరల వేసి, వారు చెప్పినదేమో సరిగా విందమని అనవచ్చును. చిత్రము చెప్పినదంతయు నిజమనియు భావింపరాదు. తీసినవానికి ఒక పక్షముండును; కెమెరా ఒకవైపు త్రిప్పినప్పుడు రెండవవైపు కనబడదు. ఈ చిత్రములో కనబడనివారెవరు అను ప్రశ్న, చదువు రానివారు కూడ తడుముకొనక బదులు చెప్పగల ప్రశ్న.

ఎవరు వత్తురనునది తెర యెచట కట్టెదమనుదానిపై ఆధారపడును. గ్రంథాలయము ఊరి నడిమి వీథిలో నున్నచో, వాడవారిలో కొందరు తలుపు తెరచియున్నను లోనికి వచ్చుటకు జంకుదురు. ఈ మాట వ్రాయుటకు సంకోచము కలుగుచున్నది గాని దాచి ప్రయోజనము లేదు. అట్టిచోట మొదటి రెండు ప్రదర్శనలు వాడలోని సామాజిక భవనములో వేసి, ఊరివారిని అచటికి పిలుచుట మేలు. మూడవది గ్రంథాలయములో వేయవచ్చును. కుర్చీలు వేయరాదు. కుర్చీ వేసినచో అది ఎవరికో ఒకరికే పడును. అందరికిని చాపలే వేయవలెను. స్త్రీలు రావలెనన్నచో పొదుపు సంఘము కూడు దినముననే, ఆ వేళకే ప్రదర్శన పెట్టవలెను. రాత్రి తొమ్మిదింటికి పెట్టి ఆడువారు రాలేదని అనుట న్యాయము కాదు.

ఏ చిత్రము వేయవలెను? ఇరువది నిమిషములది చాలును. నలువది నిమిషములకు మించినచో మాటకు ఓపిక మిగులదు. సేద్యము, ఆరోగ్యము మాత్రమే కాక మనుష్యుల బ్రదుకును చూపునవి కూడ ఎన్నుకొనవలెను. ఫాలీ బిలిమోరియా ఫిల్మ్స్ డివిజన్‌కు తీసిన ఆనందుని ఇల్లు అను భావముగల పేరుతో 1968 నాటి చిత్రమొకటి కలదు. అది ఒడిశా పల్లెటూరి కుటుంబమును గూర్చినది. ఆస్కార్ బహుమతి పరిశీలనకు కూడ నామనిర్దేశమైనది. బిడ్డలు చదువుకొని ఊరు దాటిపోవుట, ఇల్లు వెనుక నిలిచియుండుట అందలి విషయము. కొడుకులు హైదరాబాదుననో బెంగుళూరుననో అమెరికాలోనో ఉండగా అరుగుమీద ఒంటరిగ కూర్చుండు తల్లిదండ్రులు నేడు మన ఏ ఊరిలో లేరు? అట్టి చిత్రము వేసినప్పుడు ప్రశ్న అడుగవలసిన పనియే ఉండదు.

ఊరివారు చిత్రమును చూచుటతో ఆగక, తీయుటకును పూనుకొనవచ్చును. కెనడాకు చెందిన ఫోగో దీవి ఇందుకు పేరుపొందినది. 1967లో ఆ దీవి జాలరులకు వేట గిట్టక దారిద్ర్యము ముసరగా, వారిని వేరుచోటికి తరలించు ఆలోచన ప్రభుత్వమున సాగుచుండెను. దీవిలో రేవుకొక పల్లె. మతశాఖల భేదము వేరు. కోలిన్ లో అను దర్శకుడు అచటి విశ్వవిద్యాలయ విస్తరణ శాఖతో కలిసి జనుల మాటలను చిన్నచిన్న చిత్రములుగ తీసెను. వాటిని ముందు ఆ దీవిలోనే ఊరూర ప్రదర్శించిరి. ఒక రేవువారి కష్టము రెండవ రేవువారు తెరపై చూచి, ఇది మా కష్టమే యని గుర్తించిరి. పిదప అవే చిత్రములు మంత్రులకు చేరినవి. మంత్రి బదులును చిత్రరూపముననే దీవికి వచ్చినది. జాలరులు సహకార సంఘము పెట్టుకొనిరి, దీవిని విడువలేదు.

అంతదూరము పోనక్కరలేదు. తెలంగాణమున జహీరాబాద్ ప్రాంతములో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములకు చెందిన గ్రామీణ స్త్రీలు వీడియో కెమెరా పట్ట నేర్చిరి. వారిలో పెక్కుమంది దళితులు; బడికి పోనివారును అందున్నారు. కొఱ్ఱ, సజ్జ, జొన్న వంటి పంటలను గూర్చి, విత్తనములను గూర్చి వారు తీసిన చిత్రములు దేశ విదేశములలో ప్రదర్శితమైనవి. అక్షరము రాకపోవుట చెప్పదగిన విషయము లేకపోవుట కాదని వారిని చూచిన తెలియును. ఊరి వృద్ధురాలు విత్తనము ఎట్లు దాచునో, మగ్గమునకు పడుగు ఎట్లు తోడుదురో, పాతచెరువు ఎప్పుడు తెగి ఎట్లు పూడ్చిరో, నేటి ఫోనులతోనే చిత్రించి గ్రంథాలయములో భద్రపరచవచ్చును. పుస్తకమునకు వలెనే దానికిని ఒక సంఖ్య వేసి, చెప్పినవారి పేరు, తేదీ జాబితాకెక్కింపవలెను. చిత్రించుటకు ముందు వారి సమ్మతి పొందవలెను; ముందుగ వారికే చూపవలెను.

పరికరముల విషయము క్లుప్తముగ చెప్పెదము. చిన్న ప్రొజెక్టరు, సున్నము వేసిన గోడ, మంచి స్పీకరు చాలును. బొమ్మ కొంచెము మసకైనను జనులు సహింతురు. మాట వినబడనిచో లేచిపోవుదురు. కనుక డబ్బు తక్కువైనచో స్పీకరుపైననే పెట్టవలెను. తెలుగు వ్యాఖ్యానము లేని చిత్రమైనచో ఒకరు ప్రక్కన నిలిచి చెప్పవలెను; ఆ పనికి పాఠశాల ఉపాధ్యాయుడు కాని, కంఠము గల బుఱ్ఱకథకుడు కాని దొరకినచో మేలు. అంతర్జాలములో దొరికినంత మాత్రమున ఏ చిత్రమునైనను బహిరంగముగ ప్రదర్శించు హక్కు రాదు. హక్కుదారుల అనుమతి వ్రాతమూలకముగ పొందవలెను. గ్రామ గ్రంథాలయమున ఉచిత ప్రదర్శన యని విన్నవించినచో డాక్యుమెంటరీ నిర్మాతలలో ఉదారముగ అంగీకరించువారు కలరు.

ప్రదర్శన జరుగు గదిలో ఒక బల్ల వేసి, ఆ రాత్రి విషయమునకు సంబంధించిన పుస్తకములు నాలుగు దానిపై పరచియుంచవలెను. బీరువాలో ఉన్నవని నోటితో చెప్పిన చాలదు. నీటి చిత్రము చూచిన రైతు కొడుకు ఒక పుస్తకము తీసికొనిపోయి ఇంట తండ్రికి చదివి వినిపించినచో, ఎరవు పుస్తకములో ఆ బాలుని పేరే పడును. చదివించుకొన్నవారు మాత్రము ఇద్దరు. ఎరవు పుస్తకముతోపాటు ఇంకొక నోటుపుస్తకము పెట్టి, వచ్చినవారి సంఖ్య, అడిగిన ప్రశ్న, తేలని సందేహము అందు వ్రాయవలెను. సందేహము వ్యవసాయమునకు సంబంధించినదైనచో వ్యవసాయ విస్తరణాధికారిని, ఆరోగ్యమునకైనచో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమువారిని పైనెల ప్రదర్శనకు పిలువవలెను. తొలిరాత్రి పదిమందియే వచ్చినను పైనెల తేదీని, చిత్రము పేరును చాపలు చుట్టక మునుపే నల్లబల్లపై వ్రాసి, గుమ్మము ప్రక్కన దారిన పోవువారికి కనబడునట్లు నిలుపవలెను.